ఛాత్రోపాధ్యాయురాలిగా లెసన్ ప్లాన్లు రాసిన నా అనుభవం: ఆన్‌లైన్‌లో ఏం దొరికింది, బడిలో ఏం పనికొచ్చింది

డీఈఎల్‌ఈడీలో (ప్రాథమిక టీచరు కావడానికి చదివే డిప్లొమా) బోధనాభ్యాసం, అంటే బడికి వెళ్లి పాఠాలు చెప్పి నేర్చుకునే రోజులు, దగ్గర పడేకొద్దీ క్లాసులో అందరికీ ఒకటే టెన్షన్, లెసన్ ప్లాన్లు. తెలుగు, గణితం, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం, దేని రికార్డు దానికి రాయాలి. లెక్చరర్ చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే బడిలో ఆ పాఠం చెప్పాలి. మాది చిత్తూరు వైపు. డీసెట్ ప్రవేశపరీక్ష రాసి డైట్‌లో (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) సీటు తెచ్చుకున్నప్పటి నుంచీ సీనియర్లు చెప్పింది కూడా ఇదే, 'పాఠం చెప్పడం కంటే ప్లాన్ రాయడమే కష్టం' అని.

రాయడానికి దగ్గరి దారులు లేకపోలేదు. సీనియర్ల రికార్డులు చేతులు మారుతూ వస్తాయి. పుస్తకాల షాపుల్లో రాసిపెట్టిన ప్లాన్లు అమ్ముతారు. ఇక వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పక్కర్లేదు, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏ పాఠం కావాలన్నా పీడీఎఫ్ వచ్చి పడుతుంది. నేను వాటిని చాలానే చదివాను. దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. పూర్వజ్ఞానం, ఉన్ముఖీకరణ (పిల్లల్ని పాఠం వైపు తిప్పడం), శీర్షికా ప్రకటన, పాఠ్యాంశ ప్రదర్శన, పునశ్చరణ, మూల్యాంకనం, ఇంటిపని. టీచరు ఏం అడుగుతుందో, బోర్డు మీద ఏం రాస్తుందో వివరంగా ఉంటుంది. పిల్లల వైపు వచ్చేసరికి 'విద్యార్థులు సమాధానం చెబుతారు' అన్న ఒక్క వాక్యంతో సరి. ఏం సమాధానం చెబుతారు? ఎవరు చెబుతారు? తప్పు చెబితే అక్కణ్నుంచి ఎటు వెళ్లాలి? ఆ గడిలో ఏమీ ఉండదు.

మాకు గణితం బోధనాపద్ధతులు చెప్పే సార్ ఒక మాట అనేవారు. "ముందు పిల్లోడికి ఏం రావాలో రాయండమ్మా. అది వచ్చిందని మీకెట్ల తెలుస్తుందో దాని పక్కన రాయండి. ఈ రెండూ రాశాకనే నెట్ తెరవండి." నేను నా రికార్డులన్నీ ఈ వరసలోనే రాశాను. ఆన్‌లైన్‌లో ఉన్నవాటిని చూసే పద్ధతి కూడా దీనివల్లే మారిపోయింది. తయారైన ప్లాన్ కోసం వెతకడం మానేసి, నా ప్లాన్‌లో ఖాళీగా ఉన్న గడికి ఏం కావాలో దాన్ని వెతకడం మొదలుపెట్టాను.

అలా వెతికినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది చూడ్డానికి ఏ ఆకర్షణా లేని ఒక పీడీఎఫ్. ఎన్‌సీఈఆర్‌టీ 2017లో విడుదల చేసిన 'అభ్యసన ఫలితాలు' పత్రం. ప్రాథమిక స్థాయిలో ఏ తరగతికి, ఏ సబ్జెక్టులో పిల్లలకి ఏం రావాలో అందులో ఉంటుంది. చాలామంది కుడివైపు ఉన్న ఫలితాల పట్టీని మాత్రం ఎత్తి రికార్డులో రాసుకుంటారు. అసలు సరుకు ఎడమవైపు ఉంది. ఆ ఫలితం రావాలంటే పిల్లలకి ఎలాంటి పనులు, ఎలాంటి అవకాశాలు ఇవ్వాలో ఆ వైపు రాశారు. నాలుగో తరగతి గణితంలో భిన్నాల దగ్గర కాగితం మడతల ద్వారా సగం, నాలుగో వంతు, నాలుగింట మూడు వంతులు గుర్తించాలని ఉంటుంది. మొత్తంలో భాగంగానే కాకుండా కొన్ని వస్తువుల గుంపులో భాగంగా కూడా గుర్తించాలని ఉంటుంది. ఆ రెండో మాట లేకపోతే నేను రొట్టె, కేకు బొమ్మలతోనే పాఠం ముగించేదాన్నేమో. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

తర్వాత తెరిచింది దీక్ష. టీచర్లకీ పిల్లలకీ పాఠాల సామగ్రి అందించే, 2017 సెప్టెంబర్ 5న మొదలైన ఈ ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక గురించి మా బ్యాచ్‌లో తెలియని వాళ్లు లేరు, కానీ వాడేవాళ్లలో ఎక్కువమంది పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వీడియో చూసి ఆగిపోతారు. రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, యాప్‌లో మొదట అడిగినప్పుడు విద్యార్థిగా కాకుండా టీచరుగా ఎంచుకుంటే టీచర్ల కోసం పెట్టిన సామగ్రి, కోర్సులు కనిపిస్తాయి. పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం మీద నిష్ఠ (టీచర్ల శిక్షణ కార్యక్రమం) కోర్సులు అలా చూసినవే. రెండోది చిన్న సంగతే కానీ బడిలో బాగా అక్కరకొస్తుంది. పిల్లల పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ సగం చిరిగిపోయో, నూనె మరక పడో ఉంటుంది. దాని పక్కన ఆరు అక్షరాల కోడ్ ఒకటి అచ్చువేసి ఉంటుంది, అది టైప్ చేసినా అదే సామగ్రి వస్తుంది. వీడియోల్ని ఇంట్లో వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే బడి దగ్గర సిగ్నల్ గొడవ ఉండదు.

వీడియో పిల్లలకి చూపించాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. నా అభిప్రాయం అయితే, ప్రాథమిక తరగతుల్లో వీడియో మొదట టీచరు చూడాల్సిన వస్తువు. మంచి వీడియోలో ఒక భావనని ఏ వరసలో విప్పారో చూసి, ఆ వరసని మన దగ్గరున్న గింజలతో, పుల్లలతో చేయాలి. ఒక ఫోన్ చుట్టూ ఇరవై మంది పిల్లలు మూగితే ముందున్న నలుగురికే కనిపిస్తుంది, వెనకున్న వాళ్లు ఒకరినొకరు తోసుకుంటారు.

ఇప్పుడు భిన్నాల పాఠం. దీన్ని కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో దొరికింది బడిలో ఎలా మారిందో నాకు బాగా అర్థమైంది ఇక్కడే.

నేను వెళ్లింది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. హెచ్ఎం మేడం ఒకటి, రెండు తరగతులు చూస్తారు. ఇంకో సార్ మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెబుతారు. మోడల్ ప్రైమరీ స్కూళ్లలోలాగా తరగతికో టీచరు ఉండే బడి కాదు. నాకు నాలుగో తరగతి భిన్నాలు ఇచ్చారు. ప్లాన్ రాసేముందు సార్ పక్కన కూర్చుని, ఈ పిల్లలు భిన్నాల్లో ఎక్కడ తడబడతారో అడిగి రాసుకున్నాను. సార్ రెండు విషయాలు చెప్పారు. 1/3, 1/4లో ఏది పెద్దదంటే 1/4 అంటారు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి. నాలుగో వంతు గింజలు ఇవ్వమంటే నాలుగు గింజలు ఇస్తారు.

ఆ రెండు పొరపాట్లూ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ వాళ్లు నడిపే ఫెట్ అనే సిమ్యులేషన్ల (తెర మీద మనమే కదిపి చూసే నమూనాల) వేదిక ఉంది. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. అన్నీ ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తాయి. అందులో భిన్నాల పరిచయం సిమ్యులేషన్‌లో ఒకే భిన్నాన్ని వృత్తంగా, పట్టీగా, గ్లాసులో నీళ్లుగా, సంఖ్యారేఖ మీద చుక్కగా మార్చి చూడొచ్చు. హారాన్ని పెంచుతూ పోతే ముక్కలు చిన్నవవుతూ వస్తాయి, మొత్తం మాత్రం అంతే ఉంటుంది. నాలుగో తరగతి పిల్లాడు తడబడేది సరిగ్గా ఆ చోటే. ముక్కల సంఖ్య పెరుగుతున్నది కనిపిస్తుంది, ముక్క చిన్నదవుతున్నది కనిపించదు.

సిమ్యులేషన్‌ని ఫోన్‌లో చూపించకుండా దాంట్లోని ఆలోచనని కాగితం మీదకి తెచ్చాను. పాత న్యూస్ పేపర్లు ఒకే పొడవు, ఒకే వెడల్పు పట్టీలుగా కత్తిరించాను. ఒక్కొక్కరికీ ఐదు పట్టీలు. ఒకటి మడత లేకుండా, ఒకటి రెండు సమభాగాలు, ఒకటి మూడు, ఒకటి నాలుగు, ఒకటి ఆరు. మూడు భాగాలుగా మడవడం పిల్లలకి కష్టమవుతుందని తెలుసు, అందుకే దానికి మాత్రం ముందే పెన్సిల్‌తో చిన్న గీతలు గీసి ఇచ్చాను. అన్నీ ఒకదాని కింద ఒకటి నోట్‌బుక్ పేజీలో అతికించాక 1/3 ముక్క మీద, 1/4 ముక్క మీద చెరో రంగు వేయమన్నాను. ఏది పెద్దదని నేను అడగలేదు. రంగు వేస్తూ వేస్తూ ఒక అబ్బాయే తలెత్తి, "మేడం, నాలుగుది చిన్నగుందే?" అన్నాడు. పక్కనున్న పిల్ల తన పేజీలో చూసుకుని ఆరుది ఇంకా చిన్నదని చెప్పింది. ఎందుకని అడిగితే, ఎక్కువమందికి పంచితే తక్కువ వస్తుంది కదా అంది. ఆ వాక్యాన్ని అదే మాటల్లో బోర్డు మీద రాశాను. మన గణితం విద్యాప్రమాణాల్లో సమస్యాసాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అని ఐదు ఉంటాయి. రికార్డులో ఐదింటికీ తలో వాక్యం రాసి వదిలేయడం మామూలే. ఆ రోజు 'కారణాలు చెప్పడం' అన్న దాని కింద ఆ పిల్ల చెప్పిన మాటే రాశాను. లెక్చరర్ దాని కింద గీత గీసి టిక్ పెట్టారు.

గింజల సంగతి మరుసటి పీరియడ్‌లో. ఇక్కడ నాకు సాయపడింది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ల ఎన్‌రిచ్. గణితం సమస్యలు, వాటికి టీచర్ల కోసం రాసిన నోట్సు ఉంటాయి, అవీ ఉచితమే. ఇంగ్లీషులోనే ఉంటాయి కానీ సులువైన ఇంగ్లీషు. ఆ సమస్యల్లో చాలావరకు మన పిల్లలకి నేరుగా సరిపోవు. నేను తీసుకున్నది ఆ నోట్సు రాసే తీరు. ఈ సమస్య ఎందుకివ్వాలి, ఎలా మొదలుపెట్టాలి, పిల్లల్ని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్నలు ఏవి, ముందుగా ముగించిన పిల్లలకి ఏమివ్వాలి, వెనకబడిన పిల్లలకి ఏ సాయం చేయాలి, ఇలా విడివిడిగా రాస్తారు. మన ప్లాన్ నమూనాలో లేని గడులు ఇవే. డైట్ ఇచ్చిన నమూనా మార్చడానికి వీల్లేదు కాబట్టి ఎడమ పేజీలో నమూనా ప్రకారం రాసి, కుడి పేజీలో 'పిల్లలు ఇలా అనొచ్చు', 'అప్పుడు నేను అడిగేది', 'ముందున్నవాళ్లకి', 'తోడు కావాల్సినవాళ్లకి' అని నాలుగు గడులు గీసుకున్నాను.

పన్నెండు చింతగింజలు ఇచ్చి నాలుగో వంతు తీసిపెట్టమన్నాను. ఒక పాప టకటకా నాలుగు లెక్కబెట్టి పక్కన పెట్టింది. "నాలుగో వంతంటే నాలుగే కదా మేడం?" తప్పని చెప్పలేదు. ఆ మాట నా కుడి పేజీలో ముందే రాసుంది, దాని ఎదురుగా అడగాల్సిన ప్రశ్న కూడా ఉంది. "నలుగురు అక్కచెల్లెళ్లున్నారు, ఈ గింజలు సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్నొస్తాయి?" పాప నాలుగు గుంపులుగా పంచి మూడు అంది. ఎనిమిది గింజలిచ్చాను, రెండు అంది. పదహారిచ్చాను, పంచకుండానే నాలుగు అని చెప్పి, తనంతట తానే "ఇప్పుడు నాలుగొచ్చింది, ఇందాక రాలేదు" అని నవ్వింది. అంగట్లో పావు కిలో చక్కెర, అర కిలో ఎర్రగడ్డలు తెచ్చే పిల్లలకి పావు కొత్త కాదు, అది గింజల గుంపుకి కూడా వర్తిస్తుందని చేతులతో చేసి చూడాలి, అంతే.

అప్పుడే వెనక నుంచి ఒకడు అడిగాడు, "అయిదు గింజలుంటే పావెంత మేడం?" ఈ ప్రశ్న నేను చదివిన ఏ ప్లాన్‌లోనూ లేదు. అందరూ చేసి చూడమన్నాను. తలా ఒకటి పంచి ఒకటి మిగిలిందన్నారు. మిగిలిన గింజ ఏం చేయాలో వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. చివరికి ప్రశ్న అడిగినవాడే, "చింతగింజ తెగదు మేడం, బెల్లమైతే తెగుతుంది" అన్నాడు. ఒకటీ పావు అనే మిశ్రమ భిన్నం నాలుగో తరగతి పాఠంలో నేను అనుకున్నది కాదు. కానీ తెగే వస్తువులకీ తెగని వస్తువులకీ తేడా ఉందని వాడు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆ ప్రశ్నని 'ముందున్నవాళ్లకి' గడిలో చేర్చాను. తర్వాత ఇదే పాఠం చెప్పబోయే నా తోటి ఛాత్రోపాధ్యాయిని దాన్నే వాడుకుంది.

ఇదంతా నాలుగో తరగతి. అదే గదిలో అటు మూడో తరగతి, ఇటు ఐదో తరగతి కూర్చున్నాయి. ఆన్‌లైన్‌లో నేను చూసిన ప్లాన్లలో దాదాపు ఏదీ దీన్ని లెక్కలోకి తీసుకోదు. ఒక తరగతి, ఒక టీచరు, నలభై నిమిషాలు అనుకుని రాస్తారు. మన ప్రాథమిక బడుల్లో ఎన్నింటిలో అలా కుదురుతుంది? బహుళ తరగతి బోధన అని మాకు సిలబస్‌లో ఒక అధ్యాయమే ఉంది, దానికి సరిపడే ప్లాన్ మాత్రం ఎక్కడా దొరకలేదు.

దీనికి దారి మా పక్కనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు చుట్టుపక్కల చిన్న ఊళ్లలోని ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పద్మనాభరావు, రమ దంపతులు దాన్ని రూపొందించారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మజిలీలుగా విడగొట్టి, ఒక్కో మజిలీకి కార్డులు తయారుచేసి, వాటన్నిటినీ నిచ్చెన బొమ్మలో వరసగా చూపిస్తారు. తానెక్కడున్నాడో, తర్వాత ఏ కార్డు తీయాలో పిల్లాడికే తెలుస్తుంది. కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెచ్‌డీ కోట ప్రాంతంలో మొదలైన 'నలి కలి' కార్యక్రమానికి, తర్వాత తమిళనాడులో వచ్చిన కృత్యాధార పద్ధతికి ఇదే మూలం. రాయలసీమలో పుట్టిన పద్ధతి గురించి నేను వీడియోల ద్వారా తెలుసుకున్నానంటే ఆన్‌లైన్ వల్ల మేలు జరిగినట్టే. డైట్లన్నీ ఏడాదికోసారైనా ఛాత్రోపాధ్యాయుల్ని అక్కడికి తీసుకెళ్తే బాగుంటుందని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

ఆ వీడియోల్లో నన్ను ఆపేసింది కూర్చోబెట్టే తీరు. పిల్లలు తరగతుల వారీగా కూర్చోరు. టీచరు పూర్తిగా దగ్గరుండాల్సిన గుంపు ఒకటి, కొంత సాయం చాలే గుంపు ఒకటి, తోటిపిల్లల సాయంతో నడిచేది ఒకటి, ఎవరికి వారు చేసుకునేది ఒకటి. నిచ్చెన, కార్డులు అన్నీ తయారుచేయడం ఒక ఛాత్రోపాధ్యాయురాలి వల్ల అయ్యే పని కాదు. గుంపుల ఆలోచన మాత్రం నేరుగా వాడొచ్చు.

సార్ అనుమతితో మూడు తరగతులకీ కలిపి ఒక ప్లాన్ రాశాను. అందరికీ అంశం ఒకటే, సమానంగా పంచడం. మూడో తరగతి వాళ్లు గింజల్ని సమాన గుంపులుగా పంచి భాగహారం చేస్తారు. నాలుగో తరగతి వాళ్లు ఆ గుంపుల్లో ఒకదాన్ని భిన్నంగా రాస్తారు. ఐదో తరగతి వాళ్లు నాలుగో తరగతి అతికించిన పట్టీలనే తీసుకుని 1/2కి సమానమైన ముక్కలు ఏవేవో వెతుకుతారు, అంటే సమాన భిన్నాలు. కాగితాన్ని అడ్డంగా తిప్పి మూడు నిలువు వరసలు గీశాను, పీరియడ్‌ని పది నిమిషాల ముక్కలుగా విడగొట్టాను. ఏ పది నిమిషాలు నేను ఏ గుంపు దగ్గరుంటానో ఆ గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత. మిగతా రెండు గుంపులకి ఆ సమయంలో చేతిలో పని ఉండాలి, పని ఎలా చేయాలో కార్డు మీద రాసి ఉండాలి. ఎర్ర గీత లేని గడులు నింపడానికే ఎక్కువ సమయం పట్టింది. టీచరు పక్కన లేనప్పుడు పిల్లలు చేసుకోగలిగే పని తయారుచేయడమే బహుళ తరగతి బోధనలో అసలు పని అని నాకు అర్థమైంది. పెళ్లి శుభలేఖల వెనక వైపు ఆ కార్డులకి బాగా పనికొచ్చింది. అట్ట గట్టిగా ఉంటుంది, పిల్లల చేతుల్లో తొందరగా నలగదు.

తెలుగుకి నేను ఎక్కువగా ఆధారపడింది ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ మీద. 2015లో అక్షరాస్యతా దినోత్సవం రోజున మొదలైంది. బొమ్మల కథలు బోలెడన్ని తెలుగులో ఉన్నాయి. నాలుగు స్థాయిలుగా విడగొట్టారు, మొదటి స్థాయి కథలు 250 మాటల లోపే. మనలాంటి వాళ్లకి ముఖ్యమైన సంగతి లైసెన్సు. రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, వేరే స్థాయికి తిరగరాసుకోవచ్చు. రెండో తరగతికి ఒక కథని నేను ఇలాగే తిరగరాశాను. వాక్యాలు చిన్నవి చేశాను, ఒత్తులున్న మాటలు తగ్గించాను, అప్పటికి పిల్లలు నేర్చుకున్న గుణింతాలతో చదవగలిగేలా చూసుకున్నాను. కలర్ ప్రింట్ ఖరీదు కాబట్టి నలుపు తెలుపులో జిరాక్స్ తీయించి, బొమ్మలకి రంగులు పిల్లలతోనే వేయించాను. చదవడానికి మొండికేసే ఒక పిల్లాడు రంగు వేయాలంటే ఆ పేజీలో ఏముందో తెలియాలి కాబట్టి వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. పేర్ల వరస పుస్తకం చివరి పేజీలో పెట్టాను. పుస్తకం ఎవరు రాశారు, బొమ్మలెవరు వేశారు అన్నది పిల్లలకి చెప్పడం కూడా తెలుగు పాఠంలో భాగమే.

తెలుగు కథలన్నీ ఒకే నాణ్యతలో లేవు. కొన్ని అనువాదాలు చదువుతుంటే పిల్లల నోట పలికే తెలుగు కాదని తెలిసిపోతుంది. అందుకే ప్రతి కథనీ ముందు పైకి చదివి చూసుకునేదాన్ని. నాలుక ఎక్కడ ఆగితే అక్కడ మార్చేదాన్ని. పద్యపాఠాలకి ఆంధ్రభారతి వెబ్‌సైటు నాకు పెద్ద అండ. నిఘంటువులు, శతకాలు ఒకేచోట ఉంటాయి. వేమన పద్యం చెప్పేముందు ప్రతిపదానికీ అర్థం అక్కడ సరిచూసుకునేదాన్ని. వాట్సాప్‌లో తిరిగే ప్లాన్లలో పద్యాలు అక్షర దోషాలతో ఉండటం నేను చాలాసార్లు చూశాను. ప్రాథమిక తరగతిలో పిల్లాడు తప్పుగా కంఠస్థం చేస్తే జీవితాంతం అలాగే పాడతాడు. ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదు.

పరిసరాల విజ్ఞానానికి రెండు పేర్లు చెప్పి ముందుకెళ్తాను. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో మన ఊరి చెరువు, గుట్ట, రోడ్డు పైనుంచి చూడొచ్చు. ఐదో తరగతి పటాల పాఠానికి మా బడి ఉన్న ఊరి బొమ్మ చూసి చార్టు మీద గీశాను. పిల్లలు తమ ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ దిక్కులు వాళ్లే చెప్పారు. రెండోది అరవింద్ గుప్తా సైటు. 2018లో పద్మశ్రీ అందుకున్న ఈయన పారేసే వస్తువులతో బొమ్మలు, ప్రయోగాలు చేయడం నేర్పిస్తారు. సైకిల్ వాల్వ్ ట్యూబు, అగ్గిపుల్లలతో చేసే ఆకారాలు గణితంలో జ్యామితికి ఎంత బాగా పనికొస్తాయో చేసి చూస్తేనే తెలుస్తుంది. మా టీఎల్ఎం (బోధనాభ్యసన సామగ్రి) ప్రదర్శనలో ఒక బ్యాచ్ మొత్తం వాటితోనే చేసింది.

ఏఐ గురించి చెప్పకపోతే కుదరదు, ఎందుకంటే మా తర్వాతి బ్యాచ్ వాళ్లు మొదట తెరిచేది దాన్నే. నేనూ ఒక చాట్‌బాట్‌ని వాడి చూశాను. పాఠం పేరు, తరగతి చెప్పి ప్లాన్ అడిగితే నిమిషంలో నాలుగు పేజీలు వచ్చింది. భాష గ్రాంథికానికి దగ్గరగా ఉంది. ప్రొజెక్టర్‌లో చూపించండి, ఒక్కో గుంపుకి ట్యాబ్ ఇవ్వండి అని రాసింది. మన పుస్తకంలో లేని అభ్యాసం సంఖ్య వేసింది. ప్లాన్ మొత్తం దాన్ని అడిగితే ఇంతే. అదే నేను గడి గడిగా అడిగినప్పుడు కొంత ఉపయోగం కనిపించింది. 'పన్నెండు, ఇరవై, ఇరవై నాలుగు వస్తువులతో పల్లె జీవితంలోంచి పావు, అర, ముప్పావు లెక్కలు ఇవ్వు' అంటే పదిహేను లెక్కలు వచ్చాయి. వాటిలో మా పిల్లలకి సరిపోయేవి ఏరుకున్నాను, మిగతావి వదిలేశాను. ప్రతి లెక్కనీ చేతితో చేసి చూశాకే కార్డు మీద రాశాను. ఇది చదివే ఛాత్రోపాధ్యాయులకి నేను చెప్పేది, లెక్కలు అడగండి, ఉదాహరణలు అడగండి, ప్లాన్ అడగొద్దు. మీ తరగతిలో ఏ పిల్ల ఎక్కడుందో దానికి తెలియదు. మీకు తెలుసు, లేదా మీ బడిలో సార్‌కి, మేడంకి తెలుసు.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకి బీఈడీ వాళ్లు అర్హులు కారని తేలిపోయింది. ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు) అంటే ఇప్పుడు డీఈఎల్‌ఈడీ చదివినవాళ్లే. ఒకటో తరగతి పిల్లలకి అక్షరం, అంకె నేర్పే పని మనమే చేయాలని తేలినప్పుడు, ఆ పని రికార్డు నింపడంతో ఆగకూడదు. టెట్, డీఎస్సీ కోచింగ్ మధ్యలో కూడా నేను చేసి చూసిన కృత్యాలు దాచుకునే ఫోల్డర్ పెంచుతూనే ఉన్నాను. తరగతి, సబ్జెక్టు, అభ్యసన ఫలితం పేరుతో ఫోల్డర్లు. లోపల కృత్యం, దాని ఫోటో, దాన్ని చేసినప్పుడు పిల్లలు అన్న మాటలు. ఎక్కణ్నుంచి తీసుకున్నానో దాని లింకు, లైసెన్సు కూడా అక్కడే రాస్తాను. మా బ్యాచ్‌లో కొందరం దీన్ని డ్రైవ్‌లో పెట్టి ఒకరి కృత్యాలు ఒకరం వాడుకుంటున్నాం. షరతు ఒకటే, తరగతిలో చేసి చూడని కృత్యం అందులో పెట్టకూడదు.

ఇప్పటికీ నాకు తెలుగులో దొరకనిది ఒకటుంది. రెండు, మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నప్పుడు వాడగలిగే ప్లాన్లు, ఎవరో నిజంగా చెప్పి చూసినవి. ఏకోపాధ్యాయ బడుల్లో ఏళ్లుగా ఈ పని చేస్తున్న సీనియర్ టీచర్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఉదయం బెల్లు కొట్టినప్పటి నుంచి మధ్యాహ్న భోజనం దాకా ఒక్కరే ఐదు తరగతుల్ని ఎలా నడుపుతారో, ఎవరిని ఎప్పుడు ఏ పనిలో పెడతారో, ఒక్క రోజుదైనా సరే, కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టండి. చేతిరాత ఎలా ఉన్నా పర్వాలేదు. టైప్ చేసే పని మేం చూసుకుంటాం.